నాన్నగారి వైపు

నా ఎడమ రొమ్ములో గడ్డ చేతికి తగిలేనాటికి నాకు 39 ఏళ్ళు. మల్కాజిగిరిలో మా ఇంటికి దగ్గరగా ఉన్న ఒక ఆస్పత్రిలో మొదట చూసిన డాక్టరుగారు, "మీ అమ్మగారికి గాని, అమ్మమ్మగారికి గాని ఈ జబ్బు ఉందా?" అని అడిగారు. లేదన్నాను. వంశపారంపర్యం కాదని కాగితం మీద రాసేశారు. నాన్నగారి వైపు గురించి ఆయన అడగలేదు. చెప్పాలని నాకూ తోచలేదు. రొమ్ము క్యాన్సర్ ఆడవాళ్ళ జబ్బు కాబట్టి తల్లి నుంచే వస్తుందని నేనూ నమ్మినదాన్నే.

బయాప్సీలో అది ట్రిపుల్ నెగటివ్ అని తేలింది. అంటే హార్మోన్ మందులకు గాని, హెర్2 అనే ప్రొటీన్ మీద పనిచేసే మందులకు గాని లొంగని రకం. కీమోథెరపీ మొదలుపెట్టిన మరో ఆస్పత్రి వైద్యురాలు, ఈ వయసులో ఈ రకం వచ్చినప్పుడు కుటుంబంలో ఎవరికీ లేకపోయినా జన్యు పరీక్ష చేయించవలసిందేనని చెప్పి, జన్యు పరీక్షల గురించి సలహా చెప్పే జెనెటిక్ కౌన్సెలర్ దగ్గరికి పంపారు. నాన్నగారు నాకు తోడుగా వచ్చారు.

ఆ కౌన్సెలర్ ఒక తెల్లకాగితం తీసి మా వంశవృక్షం గీయడం మొదలుపెట్టారు. మగవారికి చతురస్రం, ఆడవారికి వృత్తం, పోయినవారికి అడ్డంగా ఒక గీత, క్యాన్సర్ వచ్చినవారి గుర్తు నిండా పెన్సిల్ నలుపు. అమ్మ వైపు కాగితమంతా తెల్లగానే ఉండిపోయింది. "మీ మేనత్తగారు ఎలా పోయారు?" అని అడిగితే, కడుపులో నీరు చేరి పోయిందని, మా ఇంట్లో ఎప్పుడూ అనుకునే మాటే చెప్పాను. ఆమె పెన్సిల్ ఆపి నాన్నగారి వైపు చూశారు. "గర్భసంచి పక్కన గడ్డ అన్నారమ్మా, నిమ్స్‌కు తీసుకొచ్చేసరికే ఆలస్యమైంది" అన్నారాయన. కాసేపాగి, తన తల్లి చివరి రోజుల్లో ఛాతీ మీద తడిగుడ్డ కప్పుకుని గోడవైపు తిరిగి పడుకునేదని, పిల్లలను దగ్గరికి రానిచ్చేది కాదని, అదేమిటని తాము ఎన్నడూ అడగలేదని చెప్పారు. ఆ పూట కాగితం మీద రెండు వృత్తాలు నల్లబడ్డాయి. నాది మూడోది.

ఊదారంగు మూత ఉన్న చిన్న గొట్టంలో రక్తం తీసుకునే ముందే, ఫలితం మూడు రకాలుగా రావచ్చని ఆమె చెప్పారు: హానికరమైన మార్పు ఉండవచ్చు, లేకపోవచ్చు, లేదా ఇంకా అర్థం తేలని మార్పు కనబడవచ్చు. ఈ మూడో రకాన్ని చూసి భయపడి ఎవరూ ఆపరేషన్లకు సిద్ధపడకూడదని మరీ మరీ చెప్పారు. నాలుగు వారాలకు వచ్చిన నా రిపోర్టులో సందేహానికి తావు లేదు: బ్రాకా1 జన్యువులో హానికరమైన మార్పు ఉంది.

ఈ జన్యువు 17వ క్రోమోజోమ్ మీద ఉంటుందని 1990లో మేరీ-క్లెయిర్ కింగ్ బృందం చూపింది. 1994లో జన్యువునే వేరుచేసి గుర్తించారు. తెగిన డీఎన్‌ఏను సరిచేయడం దాని పని. ప్రతి మనిషిలోనూ అది రెండు ప్రతులుగా ఉంటుంది. ఒక ప్రతి చెడిపోయి ఉంటే, అది ప్రతి బిడ్డకూ, కొడుకైనా కూతురైనా, సగానికి సగం అవకాశంతో సంక్రమిస్తుంది. మోసుకొచ్చిన తండ్రి జీవితాంతం ఆరోగ్యంగానే ఉండవచ్చు. అమెరికా గణాంకాల ప్రకారం సాధారణ స్త్రీకి జీవితకాలంలో రొమ్ము క్యాన్సర్ ముప్పు సుమారు 13 శాతం కాగా, ఈ మార్పు ఉన్నవారికి 60 శాతానికి పైమాటే. అండాశయాల విషయంలో తేడా ఇంకా ఎక్కువ: మామూలుగా ఒక శాతం చుట్టూ ఉండేది వీరికి 39 నుంచి 58 శాతం వరకు ఉంటుంది. ఇది చదివాక మేనత్త ఫోటో వైపు చాలాసేపు చూడలేకపోయాను.

"నా వల్లనే వచ్చిందా తల్లీ?" అని నాన్నగారు ఆ రాత్రి అడిగారు. ఆయనకూ వాళ్ళమ్మ నుంచి వచ్చిందేనని, ఎవరూ ఎంచుకుని ఇచ్చినది కాదని చెప్పాను. విన్నారు గాని, ఆయన మనసు కుదుటపడటానికి చాలా నెలలు పట్టింది.

కీమో ముగిశాక రెండు రొమ్ములూ తీయించుకున్నాను. 40 నిండాక అండాశయాలు, ఫెలోపియన్ నాళాలు కూడా తీయించుకున్నాను. ఒక్కసారిగా ముట్లుడగడంతో డిసెంబరు రాత్రుల్లో కూడా దిండు చెమటకు తడిసిపోయేది, మోకాళ్ళు పట్టేసేవి. ఏడాదికి పైగా పట్టింది గాని, ఇప్పుడు ఉదయం నడక, ఆఫీసు, ఆరు నెలలకొకసారి పరీక్షలు, అన్నీ మామూలుగా సాగుతున్నాయి.

అన్నిటికన్నా కష్టమైన పని బంధువులకు చెప్పడం. తమ్ముడు వెంటనే పరీక్ష చేయించుకున్నాడు; అతనికీ ఉంది. మగవారికి ఉండే ప్రొస్టేట్ గ్రంథిలో క్యాన్సర్ కోసం పరీక్షలు 40 ఏళ్ళ నుంచి మొదలుపెట్టమన్నారు. అతని తొమ్మిదేళ్ళ కూతురికి మాత్రం పెద్దయ్యాక తానే నిర్ణయించుకునే దాకా పరీక్ష వద్దన్నారు. బాబాయికి చెబితే పిన్ని ఫోన్ అందుకుని, "పిల్లకు సంబంధాలు చూస్తున్నాం, ఈ మాట బయటికి పొక్కనివ్వకమ్మా" అంది. మొదట కోపం వచ్చింది. కానీ ఆమె భయం ఉత్తుత్తి భయం కాదు. మన సంబంధాల్లో ఆ మాట ఎంత దూరం వెళుతుందో నాకూ తెలుసు. అయినా ఆ పిల్లకు 27 ఏళ్ళు. ఈ మార్పు ఉన్న స్త్రీలకు 25 ఏళ్ళ నుంచే ఏటా ఎంఆర్ఐ చేయమంటారు. నానమ్మ దాచుకున్నట్టు నేను దాచలేనని పిన్నికి చెప్పి, కౌన్సెలర్ ఇచ్చిన ఉత్తరం బాబాయికి పంపాను.

పోయిన వారం ఆ పిల్లే ఫోన్ చేసి, "అక్కా, నువ్వు కూడా వస్తావా?" అని అడిగింది. మంగళవారం వెళుతున్నాం. నా రిపోర్టు నకలు తీసి కవరులో పెట్టాను; కుటుంబంలో ఉన్న మార్పు సరిగ్గా ఏదో ల్యాబ్‌కు తెలిస్తే, ఆ ఒక్కచోటే వెతికితే సరిపోతుంది, ఖర్చూ తగ్గుతుంది. ఆ కవరులోనే వంశవృక్షం కాగితం కూడా ఉంది. అందులో ఆమె వృత్తం ఇంకా తెల్లగానే ఉంది.