మిరప వేరులో శిలీంధ్రం: నా ప్రాజెక్టు అనుభవం

వేరులో చేరిన శిలీంధ్రం మిరప మొక్కకు మేలు చేస్తుందా అని చూడడమే ఎం.ఎస్సీ. చివరి సంవత్సరంలో నా ప్రాజెక్టు. దానికి నేను ఎంచుకున్నది పిరిఫార్మోస్పోరా ఇండికా అనే శిలీంధ్రం. థార్ ఎడారి మట్టిలో దొరికిన దీనిని అజిత్ వర్మ బృందం 1998లో శాస్త్రీయంగా వర్ణించింది. బీజాలు బేరిపండు ఆకారంలో ఉంటాయి కాబట్టి ఆ పేరు పెట్టారు. మొక్కల వేళ్లతో కలిసి బతికే ఆర్బస్క్యులర్ మైకోరైజా శిలీంధ్రాలు సజీవమైన వేరు లేనిదే పెరగవు, ఇది మాత్రం మొక్క లేకుండా పెట్రీడిష్‌లోనూ (ప్రయోగశాలలో వాడే మూత ఉన్న చిన్న పళ్లెం) చక్కగా పెరుగుతుంది. నేను దీనిని ఎంచుకోవడానికి, నిజం చెప్పాలంటే, ఆ సౌకర్యమే కారణం.

మొదటి విడతలో మిరప నారు నాటిన కుండీల్లో సగానికి శిలీంధ్రం కలిపి, మిగతా సగానికి ఏమీ కలపకుండా వదిలాను. నెల తిరిగేసరికి శిలీంధ్రం ఉన్న మొక్కలు ఏపుగా కనిపించాయి. ఆ సంతోషంతో వెళ్లి చూపిస్తే మా గైడు మేడమ్ ఒకటే అడిగారు: "ఈ బలం బతికున్న శిలీంధ్రం ఇచ్చిందా, అది కుళ్లి ఎరువై ఇచ్చిందా?" నా దగ్గర జవాబు లేదు. ఆ విడత మొత్తం పక్కన పెట్టవలసి వచ్చింది.

రెండో విడతలో పోలిక కుండీలకు అంతే తూకం శిలీంధ్రాన్ని ఆటోక్లేవ్‌లో (అధిక పీడనంతో ఆవిరి పట్టే పరికరం) చంపి కలిపాను. శిలీంధ్రం నిజంగా వేరు లోపలే ఉందని చూపడానికి, వేరు ముక్కలను పొటాషియం హైడ్రాక్సైడ్‌లో వేడిచేసి, ఆమ్లంతో కడిగి, ట్రిపాన్ బ్లూ రంగు వేశాను. తొలి వారమంతా వేళ్లు ఎక్కువసేపు ఉడికి గుజ్జయిపోయాయి. లేత మిరప వేరు ఎంత సున్నితమైనదో అప్పుడు గాని అర్థం కాలేదు. చివరికి కణాల లోపల నీలిరంగు బేరిపండ్లు వరుసగా కనిపించిన రోజున, సూక్ష్మదర్శిని దగ్గరికి ల్యాబులో ఉన్నవారందరినీ పిలిచాను.

కిరణజన్య సంయోగక్రియ కొలతల దగ్గర మరో పొరపాటు చేశాను. పత్రహరితం వెదజల్లే ప్రతిదీప్తిని, అంటే అది పీల్చుకున్న కాంతిలో తిరిగి బయటికి వదిలే కొద్దిపాటి వెలుగును, కొలిచే ముందు ఆకును క్లిప్పుతో కప్పి 20 నుంచి 30 నిమిషాలు చీకటిలో ఉంచాలి. ఆ వెలుగు నుంచి లెక్కగట్టే సామర్థ్య నిష్పత్తి ఆరోగ్యంగా ఉన్న ఆకులో అప్పుడు దాదాపు 0.83 ఉంటుంది. నేను తొందరపడి వెలుతురులోనే కొలిచి, అంకెలు తక్కువ వచ్చేసరికి మొక్కలకు తెగులు సోకిందని రెండు రోజులు కంగారుపడ్డాను.

సరిగ్గా కొలిచాక, నీరు పెట్టినంతకాలం రెండు రకాల మొక్కల్లోనూ ఆ విలువలో చెప్పుకోదగ్గ తేడా లేదు, శిలీంధ్రం ఉన్న మొక్కలకు ఆకులు మాత్రం ఎక్కువ. నీరు ఆపిన తరువాత పోలిక మొక్కల్లో విలువ ముందుగా పడిపోయింది, శిలీంధ్రం ఉన్నవాటిలో మరికొన్ని రోజులు నిలిచింది. అయితే ఈ కొలత ఫోటోసిస్టమ్ రెండు (ఆకులో కాంతిని పట్టుకుని వాడుకునే ఒక భాగం) ఎంత చక్కగా ఉందో చెబుతుందే తప్ప, ఆకు ఎంత కార్బన్ డయాక్సైడ్‌ను స్థిరపరచిందో చెప్పదు. దానికి కావలసిన వాయు మార్పిడి పరికరం మాకు అందుబాటులో లేదు. అందువల్ల శీర్షికలో ముందుగా రాసుకున్న "కిరణజన్య సంయోగక్రియ పెరుగుదల" అన్న మాట కొట్టివేసి, "నీటి ఎద్దడిలో ఫోటోసిస్టమ్ రెండు సామర్థ్యం" అని మార్చి సమర్పించాను.