ఊపిరి ఆగిన అర నిమిషం

నిన్న కరాటే క్లాసులో తోటి అక్క పిడికిలి పొరపాటున నా రొమ్ము ఎముక కింద, పొట్ట మొదలయ్యే చోట తగిలింది. గట్టిగా కూడా కాదు. నోరు తెరిచాను, గాలి లోపలికి రాదు. కళ్లలో నీళ్లు.

"భయపడకమ్మా, డయాఫ్రమ్, అదే ఊపిరి పీల్చే కండరం, పట్టేసింది, అదే వదులుతుంది" అంటూ మాస్టర్ గారు కూర్చోబెట్టారు. అర నిమిషానికి ఊపిరి అందింది.

పాతకాలపు ఆయుర్వేద గ్రంథం సుశ్రుత సంహితలో 107 మర్మాలు, అంటే దెబ్బ తగిలితే ప్రమాదమయ్యే చోట్లు, చెప్పారని ఎప్పుడో చదివాను. నిన్న ఒంటికి తెలిసింది. 45 కిలోలే ఉన్నానని ఇన్నాళ్లూ ఎంత దిగులుపడ్డానో! కళ్లు, ముక్కు, గొంతు, గజ్జలు ఎంత కండ పెంచినవాడికైనా మెత్తనివే. గొంతు మీద మాత్రం ప్రాక్టీసులో వేలు కూడా వెయ్యనివ్వరు మాస్టర్ గారు. శ్వాసనాళం నలిగితే ప్రాణమే పోతుంది.

రేపటి నుంచి చెల్లినీ తీసుకెళ్తున్నాను.