మా అమ్మాయి షుగర్ ఎవరెవరు చూడాలి?

మా అమ్మాయికి టైప్ 1 డయాబెటిస్. చేతికి అంటించిన సెన్సర్ అయిదు నిమిషాలకోసారి గ్లూకోజ్ రీడింగ్ పంపుతుంది. ఆ రీడింగ్ ఎవరి ఫోన్లో కనిపించాలన్నది మా ఇంట్లో చాలాకాలం నలిగింది. మనవాళ్లలో పిల్లకి ఒంట్లో బాగోలేదంటే అది ఇంటిల్లిపాదీ చూసుకోవాల్సిన సంగతి. ఎవరైనా అడగకపోతేనే నొచ్చుకుంటాం. మేముంటున్న దేశంలో డాక్టరు నన్ను దాటి నేరుగా దాన్నే అడుగుతారు, "నీ రీడింగులు ఎవరు చూస్తే నీకు ఫరవాలేదు?" అని. రెండూ ప్రేమతో చేసేవే.

సెన్సర్ కంపెనీ యాప్ మా అమ్మ ఫోన్లో దిగలేదు, దేశం వేరని. అలా నైట్‌స్కౌట్ మా ఇంటికొచ్చింది. సెన్సర్ రీడింగుల్ని ఎక్కడినుంచైనా ఇంటర్నెట్‌లో చూపించే ఉచిత ప్రోగ్రాము అది. దాని పుట్టుక వెనకా ఓ తండ్రి ఉన్నాడు. అమెరికాలో జాన్ కాస్టిక్ అనే ఇంజనీరు, టైప్ 1 ఉన్న తన కొడుకు రీడింగులు ఆఫీసులో కూర్చునీ చూడగలగాలని 2013లో సెన్సర్ రిసీవర్‌లోని డేటాను ఇంటర్నెట్‌కి ఎక్కించాడు. మరికొందరు తోడై దాన్ని అందరికీ ఉచితంగా ఇచ్చేశారు. కంపెనీలు ఇచ్చేదాకా ఆగం అన్నదే వాళ్ల నినాదం. నాకు వాళ్లంటే చెప్పలేనంత గౌరవం.

మాకు అర్ధరాత్రి అంటే అమ్మకి పట్టపగలు. ఓ రాత్రి మా ఫోన్లు మోగినా మాకు మెలకువ రాలేదు. అమ్మ ల్యాండ్‌లైన్‌కి చేసింది. "లేవండే, పిల్లకి అరవై ఒకటి!" ఇక్కడి లెక్కలో అది 3.4, ఉండాల్సినదానికంటే తక్కువ. ఇక్కడ మిల్లీమోల్స్, అక్కడ మిల్లీగ్రాములు. 18తో గుణిస్తే ఇది అదవుతుంది. అమ్మ ఫోన్లో రీడింగులు చూపించే ఎక్స్‌డ్రిప్ అనే యాప్ ఆవిడకు అలవాటైన మిల్లీగ్రాముల్లోనే చూపిస్తుంది. నిద్రమత్తులో ఉన్న పిల్లచేత 15 గ్రాముల గ్లూకోజ్ తినిపించి, పావుగంట ఆగి చూస్తే రీడింగ్ పైకెక్కుతోంది. అంతసేపూ అమ్మ లైన్లోనే ఉంది.

కానీ అదే అమ్మ సాయంత్రాలు, గీత కాస్త పైకి లేస్తే చాలు, "ఏం తిన్నావే?" అని ఫోను. మా అమ్మాయికి అది నేరం ఒప్పుకోమన్నట్టుండేది. నిజానికి గ్లూకోజ్ పెరగడానికి తిండొక్కటే కారణం కాదు. జలుబు చేసినా, పరీక్షల టెన్షన్ ఉన్నా, ఎదిగే వయసు హార్మోన్ల వల్లా పెరుగుతుంది. పిల్ల ఫోనెత్తడం మానేసింది. అమ్మ బాధపడింది.

దారి ఆ సాఫ్ట్‌వేర్‌లోనే దొరికింది. నైట్‌స్కౌట్‌ని అందరికీ మూసేసి, చూడాల్సిన ఒక్కొక్కరికీ వేరే టోకెన్, అంటే తాళంచెవి లాంటి కోడ్, ఇవ్వొచ్చు. ఒకరిది తీసేస్తే మిగతావాళ్లకి ఏమీ కాదు. మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని పేర్లు చదివాను. అమ్మమ్మని ఉంచింది, పెదనాన్నని తీసేసింది, స్నేహితురాలిని కొత్తగా చేర్చింది. అమ్మమ్మ ఫోన్లో షుగర్ పెరిగితే మోగే హై అలారం ఆపేసి, పడిపోతే మోగే లో అలారం మాత్రం ఉంచమంది. పెదనాన్నకి సర్దిచెప్పడం నా వంతు. అది కొంచెం కష్టమే అయింది.

ఇలాంటి ఉచిత ప్రోగ్రాముల్ని చవక వైద్యం అంటే సగమే నిజం. ప్రోగ్రాములు ఉచితం, పాత ఆండ్రాయిడ్ ఫోను చాలు. సెన్సర్లు, ఒంట్లోకి ఇన్సులిన్ ఎక్కించే పంపు, ఇన్సులిన్ ఉచితం కావు. భారమంతా అక్కడే ఉంది. టొరంటోలో ఇన్సులిన్ కనిపెట్టినవాళ్లు పేటెంటును యూనివర్సిటీకి తలా ఒక్క డాలరుకే ఇచ్చేశారు. వందేళ్ల తర్వాత కూడా డబ్బుల్లేక ఇన్సులిన్ పొదుపుగా వాడుకునే పిల్లలు ఉన్నారంటే నాకు కోపమొస్తుంది.

ఇప్పుడు మా అమ్మాయి కళ్లు ఆండ్రాయిడ్ ఏపీఎస్ మీద పడ్డాయి. సెన్సర్ రీడింగ్ చూసి, పంపు ఇచ్చే ఇన్సులిన్‌ని తనే పెంచి తగ్గించే యాప్ అది. న్యూజిలాండ్‌లో 97 మందితో చేసిన పరీక్ష ఫలితాలు 2022లో వచ్చాయి. 24 వారాలకి, ఈ పద్ధతి వాడినవాళ్ల గ్లూకోజ్ రోజులో 71 శాతం సమయం సరైన హద్దుల్లో ఉంది. మామూలు పంపు, సెన్సర్ వాడినవాళ్లకి 54 శాతం పైచిలుకు. అయినా ఇది షాపులో కొనే వస్తువు కాదు, ఎవరి యాప్ వాళ్లే తయారు చేసుకోవాలి, బాధ్యతా వాళ్లదే. అందుకే డాక్టరుకి ముందే చెప్పాం. వేలిపోటు మీటరు, ఇన్సులిన్ పెన్నులు ఎప్పుడూ సిద్ధంగా ఉంచుతాం.

ఆ యాప్ మొదట సలహా మాత్రమే ఇస్తుంది, ఒప్పుకోవాల్సింది మనమే. తన పని తను చేసుకోనివ్వాలంటే మెట్లు మెట్లుగా దాటాలి, మధ్యలో ప్రశ్నలకి జవాబులు కూడా చెప్పాలి. ప్రస్తుతం ఆ ప్రశ్నల దగ్గరున్నాం. నాకు అర్థం కానివి మా అమ్మాయే చదివి చెబుతోంది.