చెప్పిన పని అయ్యాక హనుమ ఏమనుకున్నాడు?

ఉద్యోగం రావాలని సుందరకాండ పారాయణ చేయడం మన ఇళ్లలో మామూలే. ఆఫర్ లెటర్ రాగానే స్వామికి వడమాల వేయించి, పుస్తకం పూజగదిలో పెట్టేస్తాం. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదిలోనే దాన్ని మళ్లీ తీయాలి అంటాను నేను. ముఖ్యంగా 41వ సర్గ.

అప్పటికి హనుమ సీతమ్మను చూశాడు, ఉంగరం ఇచ్చాడు, చూడామణి తీసుకున్నాడు. అప్పగించిన పని అయిపోయింది. అయినా వెంటనే బయల్దేరలేదు. ఇలా అనుకున్నాడు:

కార్యే కర్మణి నిర్దిష్టే యో బహూన్యపి సాధయేత్
పూర్వకార్యావిరోధేన స కార్యం కర్తుమర్హతి

అప్పగించిన పని చేసి, దానికి భంగం రాకుండా మరెన్నో సాధించుకొచ్చేవాడే ఆ పనికి తగినవాడని. రేపు యుద్ధం తప్పదు, శత్రువు బలమెంతో చూసి వెళ్తే మంచిది కదా! ఈ పని చేయమని ఎవరూ చెప్పలేదు, తానే కలుపుకున్నాడు.

భంగం రాకుండా అన్న షరతును హనుమ ఎంత జాగ్రత్తగా పాటించాడో చూడండి. వనమంతా విరిచేశాడు గానీ సీతమ్మ ఉన్న చెట్టు జోలికి పోలేదు. ఆ సంగతి రావణుడికి చెప్పింది రాక్షస స్త్రీలే. లంక కాల్చాక కూడా అతన్ని పట్టుకున్న భయం ఒక్కటే, అమ్మకేమైనా అయిందేమోనని.

ఇలా తన పనిని తానే మలుచుకోవడాన్ని 2001లో రెజ్నెస్కీ, డటన్ అనే పరిశోధకులు జాబ్ క్రాఫ్టింగ్ అన్నారు. ఆసుపత్రిలో శుభ్రం చేసేవాళ్లలో కొందరు రోగులను పలకరించడం కూడా తమ పనే అనుకునేవారట. ఆ పనిలో వాళ్లకు అర్థం కనిపించింది అందుకే.

అయితే అంత చొరవకు ముందు ధైర్యం కావాలి. కొత్తగా చేరినవాళ్లకు మీటింగ్‌లో అడగాల్సిన డౌట్ నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. హనుమకూ ఆ టెన్షన్ తప్పలేదు. 12వ సర్గలో, ఎంత వెతికినా సీతమ్మ కనపడక, తిరిగి వెళ్తే జాంబవంతుడు, అంగదుడు ఏమంటారో అని మథనపడ్డాడు. సముద్రపు ఒడ్డున జాంబవంతుడు బలం గుర్తుచేశాడు సరే, లంకలో పక్కన ఎవరున్నారు? 'అనిర్వేదః శ్రియో మూలం' అని తనకు తానే చెప్పుకున్నాడు. దిగులుపడకపోవడమే సిరికి మూలమని చెప్పుకొని, చూడని చోట్లు వెతకడం మొదలుపెట్టాడు. తర్వాతి సర్గలో మళ్లీ కుంగాడు, మళ్లీ లేచాడు. ధైర్యం ఒక్కసారితో వచ్చి కూర్చునేది కాదని వాల్మీకి దాచకుండా చూపించాడు. నాకు ఆయన మీద గౌరవం పెరిగేది ఇక్కడే.

ఇక తృప్తి సంగతి. తిరిగొస్తూ హనుమ ఆకాశంలోంచి గర్జించాడు. ఆ గొంతు వినగానే, ఇంకా మనిషి కనపడకముందే, పని సాధించుకొచ్చాడు, సందేహం లేదని జాంబవంతుడు తేల్చేశాడు. పని అయిందన్న తృప్తి అప్పటికే ఆ గొంతులో ఉంది. రాముడు మెచ్చి కౌగిలించుకున్నది ఆ తర్వాత ఎప్పటికో.