11.40కి చిన్న కదలిక

నిన్న సాయంత్రం వార్డుకి వెళ్తే, ఇవాళ మెదడు ఆపరేషన్ ఉన్నావిడ ముందు చేతులు చూపించారు. ఊరు ఆత్రేయపురం. ముప్పై ఏళ్లుగా పూతరేకులు తీస్తున్న చేతులవి. ఈ మధ్య కుడిచేతికి పట్టు తప్పుతోందట. బోర్లించిన కుండ మీంచి తీస్తుంటేనే రేకు చిరిగిపోతోందట. స్కాన్‌లో మెదడుకి ఎడమవైపు మెనింజియోమా, అంటే మెదడు పొరల్లో పెరిగే గడ్డ, కనిపించింది. సరిగ్గా చేతిని ఆడించే భాగాన్ని ఒత్తుతోంది.

"మత్తు డాక్టరమ్మ గారూ, మధ్యలో నాకు మెలకువ వచ్చేస్తుందాండీ?" అని అడిగారు.

"రాకుండా చూడ్డమే నా పనండీ" అన్నాను.

పొద్దున రావులపాలెం నుంచి బయల్దేరి, గౌతమి బ్రిడ్జి మీదా ఆ మాటే తల్చుకుంటూ రాజమండ్రి చేరాను.

మామూలు ఆపరేషన్లలో కండరాలు సడలే మందు ఇచ్చేస్తాం. ఇక మనిషి కదలడు. ఇవాళ ఆ వీలు లేదు. పుర్రె మీంచి కరెంటు పంపి, కుడిచేతి కండరాల్లో గుచ్చిన సన్నటి సూదుల ద్వారా జవాబు వస్తోందో లేదో చూస్తూ ఉండాలి. ఎం.ఈ.పీ. అంటారు దీన్ని. తెర మీద ఆ జవాబు అలలా కనిపిస్తుంది, ఆ అల తగ్గితే చేతికి ప్రమాదమని సర్జన్‌గారికి ముందే తెలుస్తుంది. కండరం సడలిపోతే జవాబు చెప్పడానికి ఏమీ మిగలదు. అందుకే గొంతులో ట్యూబు వేసేటప్పుడు ఒక్కసారి ఆ మందు ఇచ్చి, దాని ప్రభావం పూర్తిగా పోయేదాకా ఆగాం. పీల్చే మత్తు కూడా ఈ అలల్ని అణిచేస్తుంది కాబట్టి నరంలోకి ఎక్కించే ప్రోపోఫోల్ (నిద్ర మందు), ఫెంటనిల్ (నొప్పి మందు) పంపుల మీదే నడిపాను. కరెంటు పంపినప్పుడల్లా దవడ బిగుసుకుంటుంది. నాలుక కొరుక్కోకుండా పళ్ల మధ్య మెత్తటి కట్టుగుడ్డ చుట్టలు పెట్టి, రెండుసార్లు చూసుకున్నాను.

అంటే తల మూడు పిన్నుల మధ్య బిగించి ఉంటుంది, ఒళ్లు మాత్రం కదలగలదు. నాకు ఎప్పుడూ భయం వేసేది ఇక్కడే. పిన్నుల్లో తల ఉండగా దగ్గు వస్తే నెత్తి చర్మం చీరుకుపోవచ్చు, మెడ దెబ్బతినొచ్చు. ఆ క్షణంలో సర్జన్‌గారి పరికరం ఎక్కడుందో కూడా చెప్పలేం.

పదకొండున్నరకి అలలు కొంచెం చిన్నవయ్యాయి. మానిటరింగ్ చూసే అబ్బాయి "మేడమ్, మత్తు కాస్త తగ్గిస్తారా?" అన్నాడు. బీపీ బాగుంది, ఒంటి వేడి బాగుంది. ప్రోపోఫోల్ ఎక్కువైనా అలలు పడిపోతాయి. కొద్దిగా తగ్గించాను. అలలు లేచాయి. ఇద్దరం ఆ తెర వైపే చూస్తున్నాం.

11.40కి ఎడమ భుజం లేచింది, ట్యూబు మీద ఒక దగ్గు. కరెంటు పంపినప్పుడు వచ్చే ఉలికిపాటు కాదది, అప్పుడు ఏమీ పంపలేదు. ఫిట్స్ కూడా కాదు. సర్జన్‌గారు అలల కోసం అప్పటికే చేతులు వెనక్కి తీసుకుని ఉన్నారు. అంతవరకు అదృష్టం. ప్రోపోఫోల్ ఒక మోతాదు, ఫెంటనిల్ మరికొంత ఇచ్చాను. సడలింపు మందు సిరంజి పక్కనే ఉంది, ముట్టుకోలేదు. పిన్నులు జారలేదని తడిమి చూశాం. కొన్ని నిమిషాలు అలలు పూర్తిగా చిన్నబోయాయి. సర్జన్‌గారు ఒక్క మాట అనకుండా ఆగారు. మళ్లీ వచ్చాయి.

మత్తు లోతు చూపే అంకె అప్పటిదాకా నలభైల్లో ఉంది. కదిలిన కాసేపటికి 58. అరవై దాటితే మత్తు పల్చబడినట్టు లెక్క, అది దాటలేదు. కదలికలన్నీ మెలకువలు కావు. పీల్చే మత్తు వెన్నుపాము మీద గట్టిగా పనిచేసి కదలిక ఆపుతుంది, ప్రోపోఫోల్ పని ఎక్కువగా మెదడు మీదే. మెదడు నిద్రలో ఉన్నా వెన్నుపాము ఉలిక్కిపడగలదు. అయినా అంకెని నమ్మి చేతులు కడుక్కోలేను. అల కోసం మత్తు తగ్గించింది నేనే, అప్పుడే ఫెంటనిల్ పెంచి ఉండాల్సింది.

గడ్డ మొత్తం వచ్చేసింది. నాలుగింటికి ట్యూబు తీశాం. "చెయ్యి మూసి తెరవండమ్మా" అంటే కుడిచేయి మెల్లగా ముడుచుకుంది, మెల్లగా విచ్చుకుంది. ఓ గంట పోయాక అడిగాను, నిద్రపోయే ముందు చివరగా ఏం గుర్తుంది, లేవగానే మొదట ఏం గుర్తుంది, మధ్యలో ఏమైనా ఉందా అని. "మీరు మాస్కు పెట్టారండీ. తర్వాత మీరే పిలిచారండీ" అన్నారు.

బయట వాళ్లమ్మాయికి కదిలిన సంగతి చెప్పాను. చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు, కానీ అది ఆవిడ ఒంటికి జరిగిన విషయం. ఆ పిల్ల ముఖం పాలిపోయింది. "అంటే అమ్మకి నొప్పి తెలిసిందాండీ?" తెలిసినట్టు లేదని, ఎందుకలా అనుకుంటున్నానో నిదానంగా చెప్పాను. ఒక్కోసారి జ్ఞాపకాలు ఒకట్రెండు రోజులకి బయటపడతాయని కూడా చెప్పాను. ఆ మాటకి తల ఊపింది, "ఆయ్, అలాగేనండీ" అంది.

చార్టులో టైముతో సహా రాశాను. రేపు రౌండ్స్ కంటే ముందే వెళ్లి ఆ మూడు ప్రశ్నలూ మళ్లీ అడగాలి.