తేజకు తొమ్మిది బైట్లు

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్టుకు బిల్లింగ్ ప్రోగ్రాం రాసిచ్చాను. జావాస్క్రిప్ట్‌లో రాసింది, బ్రౌజర్లోనే నడుస్తుంది. కాటా మీద టిక్కీ (మిర్చి బస్తా) పెట్టగానే బరువు స్క్రీన్ మీదకు రావాలి, రైతు పేరు, మిర్చి రకం కలిపి చీటీ ప్రింట్ కావాలి.

కాటా నుంచి వెబ్ సీరియల్ (బ్రౌజర్ నేరుగా పరికరంతో మాట్లాడే దారి) ద్వారా వచ్చేవి ఉత్త అంకెలు, అంటే బైట్లు. 52, 50, 46, 53 వస్తాయి. వాటిని, అంకెను అక్షరంగా మార్చే స్ట్రింగ్.ఫ్రమ్‌క్యార్‌కోడ్‌కి ఇస్తే 42.5 అని చక్కగా కనిపించింది. బరువు సరిగ్గా వచ్చింది కదా అని పేర్లకూ అదే వాడాను. తప్పంతా అక్కడే జరిగింది.

పేర్లు నోడ్ సర్వర్ నుంచి వస్తాయి. అక్కడి బఫర్‌ని (బైట్ల మూటని) జేసన్ అనే టెక్స్ట్ రూపంలోకి మార్చి పంపితే లోపల అంకెల వరస ఉంటుంది. 'తేజ' అన్న రకం ఇలా వచ్చింది: 224, 176, 164, 224, 177, 135, 224, 176, 156. ఫ్రమ్‌క్యార్‌కోడ్ ఒక్కో అంకెనూ ఒక్కో అక్షరం అనుకుంటుంది. నెత్తిన గీత ఉన్న ఫ్రెంచి అక్షరం, పక్కన డిగ్రీ గుర్తు, ఇంకొంచెం ముందుకెళ్తే ప్లస్ మైనస్ గుర్తు. కొన్నయితే అసలు కనిపించవు కూడా. చీటీ అందుకున్న ఒక పెద్దాయన, "బాబూ, ఇందులో నా పేరెక్కడుంది?" అని అడిగారు. గుమస్తా పెన్ను తీసి పైన చేత్తో రాసిచ్చాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పంట అమ్ముకోవడానికి వచ్చిన మనిషికి తన కాగితం మీద తన పేరు కనిపించాలి.

బ్రాడీపేటలో ఇంటికొచ్చి కాగితం మీద లెక్క వేశాను. అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి యూటీఎఫ్-8. అందులో తెలుగు కోడ్ ఏదైనా మూడు బైట్లు, మొదటిది ఎప్పుడూ 224. ఈ అక్షరం మూడు బైట్లదని చెప్పేది అదే. మిగతా రెండిట్లోంచీ 128 తీసేయాలి. 176లో పోగా 48, 164లో పోగా 36. 48ని 64తో గుణించి 36 కలిపితే 3108. ప్రతి అక్షరానికీ ఒక నంబర్ ఇచ్చే యూనికోడ్‌లో 'త' నంబర్ అదే! ఏత్వం విడిగా ఇంకో మూడు బైట్లు, 'జ' మరో మూడు. మన కంటికి రెండక్షరాలు, మెషీన్‌కి తొమ్మిది బైట్లు. 128 కంటే చిన్న అంకెలకు మాత్రం ఒక్క బైటే సరిపోతుంది, పాత ఇంగ్లిష్ కోడ్ ఆస్కీలో ఎలా ఉంటాయో అలాగే ఉంటాయి. అందుకే కాటా బరువు దగ్గర నా తప్పు బయటపడలేదు.

దీనికి సరైన పనిముట్టు, బైట్లను అక్షరాలుగా మార్చే టెక్స్ట్‌డీకోడర్. మామూలు అర్రే (అంకెల వరస) ఇస్తే టైప్ ఎర్రర్ వస్తుంది. ముందు యూఇంట్8అర్రేగా (బైట్ల వరసగా) మార్చి డీకోడ్‌కి ఇవ్వాలి. ఎస్కేప్ అనే ఫంక్షన్‌తో చేసే పాత ట్రిక్కు ఒకటి ఇంకా చాలా కోడ్‌లో కనిపిస్తుంది, పనిచేస్తుంది కూడా. కానీ ఎస్కేప్‌ని వాడొద్దని ఎప్పుడో చెప్పేశారు, కొత్తగా రాసేవాళ్లు దాని జోలికి వెళ్లొద్దు.

సీజన్ మధ్యలో పేర్ల లిస్టు పెద్దదయింది, ముక్కలుగా చదవడం మొదలుపెట్టాను. ఈసారి వందల పేర్లలో ఏదో ఒక్క పేరులో నల్ల డైమండ్‌లో ప్రశ్న గుర్తు. అది రోజూ ఒకే పేరులో కాదు, అందుకే టెన్షన్. ముక్క తెగిన చోట ఒక అక్షరం మూడు బైట్లలో రెండు ఇటు, ఒకటి అటు పడుతోంది. నేను ప్రతి ముక్కకూ కొత్త డీకోడర్ పెట్టాను. ఒకే డీకోడర్ ఉంచి, డీకోడ్‌కి స్ట్రీమ్: ట్రూ అని చెబితే మిగిలిన బైట్లను దాచుకుని తర్వాతి ముక్కతో కలుపుకుంటుంది. అన్నీ అయ్యాక ఖాళీగా ఇంకోసారి డీకోడ్ పిలవాలి.

డీకోడర్‌ని తయారు చేసేటప్పుడు ఇంకొకటి కావాలనే పెట్టాను, ఫేటల్: ట్రూ. మామూలుగా అయితే చెడిన బైట్ల చోట ఆ ప్రశ్న గుర్తు పెట్టి ముందుకు పోతుంది. అలాగే సేవ్ చేస్తే అసలు బైట్లు మళ్లీ దొరకవు, పేరు పోయినట్టే. ఇప్పుడు ఎర్రర్ వచ్చి అక్కడే ఆగుతుంది, చీటీ ప్రింట్ కాదు. కాటా దగ్గర హమాలీలు ఒక నిమిషం నిలబడాల్సి వస్తుందని గుమస్తా కాస్త విసుక్కున్నాడు. అయినా దాన్ని తీయలేదు.

ఆ పెద్దాయన మార్చిలో మళ్లీ సరుకు తెచ్చారు. చీటీని కళ్లకు దగ్గరగా పెట్టుకుని, ఇంటిపేరుతో సహా పైకి చదువుకుని, మడిచి జేబులో పెట్టుకున్నారు.