ఒకే బల్ల దగ్గర ఏడు రాత్రులు

లండన్‌లో మా అబ్బాయి ఇంట్లో రెండు నెలలు గడిపి, న్యూజెర్సీలో ఉన్న మా అమ్మాయి దగ్గరకు బయలుదేరవలసి వచ్చినప్పుడు, విమానం ఎనిమిది గంటల్లో దాటించే అట్లాంటిక్‌ను ఏడు రాత్రుల్లో దాటుదామని నేను ప్రతిపాదించాను. మా ఆవిడ వెంటనే ఒప్పుకోలేదు. "ఏవండీ, చుట్టూ నీళ్ళే తప్ప ఏమీ కనిపించని చోట వారం రోజులు ఏం చేస్తాం?" అన్న ఆమె ప్రశ్నకు అప్పుడు నా దగ్గర సరైన జవాబు లేదు. అయినా సెప్టెంబరు నెలలో ఒక సాయంత్రం సౌతాంప్టన్ రేవులో 'క్వీన్ మేరీ 2' ఎక్కాం.

ఈ ఓడ 2004లో ప్రయాణాలు మొదలుపెట్టింది. పొడవు 345 మీటర్లు. ఊళ్ళు చూపించుకుంటూ రేవు రేవుకూ ఆగే విహార నౌకలా కాక, సముద్రాన్ని ఈ గట్టు నుంచి ఆ గట్టుకు దాటడం కోసమే కట్టిన ఓడ కనుక, దారిలో దిగి చూడవలసిన ఊరు ఒక్కటీ లేదు. సౌతాంప్టన్‌కు ఎదురుగా ఉన్న వైట్ ద్వీపం వెనకబడ్డాక మళ్ళీ నేల కనిపించేది అమెరికాలోనే. అందువల్ల ఆ వారమంతా మాకు దొరికిన కాలక్షేపం గానీ, తిండి గానీ, మాటామంతీ గానీ ఓడలో ఉన్నదే.

మొదట నాకు నచ్చింది గడియారం. పడమటికి పోయే ఓడ గనుక, ఏడు రాత్రుల్లో అయిదు రాత్రులు, తెల్లవారుజామున రెండు గంటలప్పుడు ఓడ సమయాన్ని ఒక గంట వెనక్కు జరిపేవారు. అంటే మాకు 25 గంటల రోజులు అయిదు దక్కాయి. రోజూ మధ్యాహ్నం 12 గంటలకు ఓడను నడిపే గది నుంచి అధికారి గొంతు వినిపించేది: ఏ అక్షాంశం, ఏ రేఖాంశం, గాలి వేగం ఎంత, కింద సముద్రం ఎంత లోతు. మా ఆవిడ ఆ అంకెలన్నీ ఒక చిన్న పుస్తకంలో రాసుకునేది. మూడో రోజుకల్లా, ఆ గొంతు వినిపించాకే భోజనానికి లేవడం మాకు అలవాటైపోయింది.

పెద్ద భోజనశాల పేరు బ్రిటానియా రెస్టరెంట్. ఓడ వెడల్పంతా ఆక్రమించి, రెండు అంతస్తులుగా, మధ్యలో మెట్లతో పెళ్ళివారి మండపంలా ఉంటుంది. రాత్రి భోజనం రెండు పంక్తులు. మాకు 8.30కి మొదలయ్యే రెండో పంక్తిలో, ఆరుగురు కూర్చునే బల్ల ఇచ్చారు. వారమంతా అదే బల్ల, అదే కుర్చీలు, అదే వెయిటరు. ఈ పద్ధతి లేకపోతే నా యాత్ర సగం వెలితిగా ఉండేదని ఇప్పుడు అనిపిస్తుంది. మొదటి రాత్రి ముక్తసరిగా పేర్లు చెప్పుకున్నవాళ్ళం, మూడో రాత్రికి పిల్లల పెళ్ళిళ్ళ గురించీ, అయిదో రాత్రికి పోయిన తల్లిదండ్రుల గురించీ మాట్లాడుకున్నాం. ఉత్తర ఇంగ్లండు నుంచి వచ్చిన రైల్వే ఇంజినీరు దంపతులు, ఒంటరిగా ప్రయాణం చేస్తున్న ఒక కెనడా పెద్దావిడ, పెద్దగా మాట్లాడని ఒక జర్మన్ సంగీత ఉపాధ్యాయుడు మా బల్లవాళ్ళు. కెనడా ఆవిడ తన ముసలి కుక్కను విమానంలో సామాను అరలో పంపలేక ఈ ఓడ ఎక్కింది. పై డెక్ మీద కుక్కల కోసం గదులున్నాయి. అక్కడ అవి తిరిగే చోట, బ్రిటిష్ కుక్కల కోసం ఒక వీధి దీపం స్తంభాన్నీ, అమెరికా కుక్కల కోసం నిప్పులార్పే నీటి కుళాయినీ పాతిపెట్టారు. ఆవిడ రోజూ భోజనానికి ముందు వెళ్ళి తన కుక్కను చూసి, దాని క్షేమం మాకు చెప్పాకే కుర్చీలో కూర్చునేది.

మా ఆవిడ శాకాహారి. మొదటి రాత్రి ఆమె చల్లని సూపు, ఉడికించిన కూరగాయలు తిని లేచింది. మా వెయిటరు గోవా మనిషి. వాళ్ళ తాత కూడా ఓడల్లోనే పనిచేశాడట. గోవా వాళ్ళు ఇంగ్లీషు ఓడల్లో వడ్డనకు కుదరడం తరతరాల నుంచి వస్తున్నదే. అతను సగం మిగిలిన కంచం వంక చూసి, ఏమీ అనకుండా మర్నాటి వంటల పట్టిక తెచ్చి ఆమె ముందు పెట్టి, "అమ్మా, ఇందులో లేనిది చెప్పండి, ఒకరోజు ముందు చెబితే చాలు" అన్నాడు. మూడో రాత్రి పళ్ళెం బల్ల మీదకు రాకముందే జీలకర్ర, ఇంగువ పోపు వాసన వచ్చింది. పప్పు, బంగాళాదుంప వేపుడు, వేడి అన్నం. మా ఆవిడ కళ్ళు చెమ్మగిల్లాయి. ఆ రాత్రి ఆ పప్పును బల్ల దగ్గరి ఆరుగురమూ రుచి చూశాం. ఫ్రెంచి పద్ధతి బాతు మాంసమూ, నిమ్మ సూఫ్లే కూడా ఈ వంటశాలలోనే శ్రద్ధగా చేస్తారు, నేను రెండూ తిన్నాను. కానీ నడిసముద్రంలో ఒక్క మనిషి కోసం వేసిన ఆ పోపును నేను వాటికంటే పైన పెడతాను.

సముద్రం మీద భోజనం గురించి నాకు తెలిసిన కథ అంతకుముందు ఒక్కటే ఉండేది. మా తాతయ్య కాకినాడ రేవు నుంచి రంగూన్ వెళ్ళాడు. మా ఇంట్లో దాన్ని 'రంగం వెళ్ళడం' అనే అనేవారు. డెక్ మీద చాప పరుచుకుని, మూటలో అటుకులు, బెల్లం, చిన్న జాడీలో ఆవకాయ పెట్టుకుని బంగాళాఖాతం దాటాడని, తుపాను గాలికి అటుకులు తడిసి ముద్దయితే వాటినే ఎండబెట్టుకుని తిన్నాడని మా నాయనమ్మ చెప్పేది. తెల్లని గుడ్డ పరిచిన బల్ల దగ్గర, నాలుగు రకాల గాజు గ్లాసుల ముందు కూర్చున్న ప్రతి రాత్రీ ఆయన నాకు గుర్తుకొచ్చాడు. ఆ మాట చెబితే జర్మన్ ఉపాధ్యాయుడు మొదటిసారి నోరు తెరిచి, ఆవకాయ ఎలా చేస్తారని అడిగాడు. మా ఆవిడ ఆవపిండి పాళ్ళతో సహా చెప్పింది.

ఇక వైన్ సంగతి. నేను ఉద్యానశాఖలో పనిచేసి రిటైరైన వాణ్ణి, హైదరాబాదు చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహి ద్రాక్ష పందిళ్ళ కింద ఏళ్ళ తరబడి తిరిగిన వాణ్ణి. అయినా ద్రాక్షపండు సీసాలోకి వెళ్ళాక ఏమవుతుందో శ్రద్ధగా ఎన్నడూ గమనించలేదు. రెండో రోజు మధ్యాహ్నం వైన్ రుచి చూపించే తరగతి ఉందని తెలిసి పేరు రాయించాను. "డాక్టరు ఏమన్నాడో గుర్తుంది కదా?" అని మా ఆవిడ గుర్తుచేసింది కనుక, ప్రతి గ్లాసులోనూ ఒక్క గుక్క చాలనుకున్నాను. నేర్పించినది దక్షిణాఫ్రికాకు చెందిన యువతి. ఆమె ఎర్ర వైన్ గ్లాసును తెల్ల కాగితం మీదకు వంచి రంగు చూపుతూ, ఆ రంగంతా తొక్కదేననీ, చాలా రకాల నల్ల ద్రాక్షల్లో కూడా రసం తెల్లగానే ఉంటుందనీ చెప్పింది. తొక్కలతో కలిపి పులియబెడితే ఎరుపు, ముందే పిండి తొక్కలు తీసేస్తే తెలుపు. నాలుకను ఎండగట్టే ఆ వగరు కూడా తొక్కా గింజల నుంచి వచ్చేదే.

అప్పుడు నాకు మన పండు ఎందుకు వేరో స్పష్టంగా అర్థమైంది. మనం తినే ద్రాక్షకు పండు పెద్దది కావాలని, తొక్క పలచగా, రసం నిండుగా ఉండాలని రైతుకు చెబుతూ వచ్చాం. వైన్ ద్రాక్ష చిన్నది, తొక్క మందం, తీపి ఎక్కువ. ఐరోపాలో తీగ చలికాలమంతా ఆకులు రాల్చి నిద్రపోతుంది. మనకు అంత చలి లేక తీగ నిద్రపోదు కనుక వేసవిలో ఒకసారి, అక్టోబరులో ఒకసారి కత్తిరించి దానికి రుతువును మనమే కల్పిస్తాం. ఈ మాట చెప్పినప్పుడు ఆ యువతి తన పాఠం ఆపి, ఏడాదికి రెండు కత్తిరింపుల గురించి నన్ను అడిగి రాసుకుంది. ఉద్యోగంలో ఉండగా జిల్లా సమావేశాల్లో చెప్పినప్పుడు కూడా ఇంత శ్రద్ధగా విన్నవారు తక్కువ.

మదీరా వైన్ గురించి ఆమె చెప్పినది ఓడలోనే వినవలసిన కథ. వెనకటి రోజుల్లో పోర్చుగీసు వారి మదీరా దీవి నుంచి ఓడలకెక్కించిన పీపాలు ఉష్ణమండలపు వేడిలో, అలల కుదుపులో నెలల తరబడి తిరిగేవి. అమ్ముడుపోక తిరిగొచ్చిన పీపాల్లోని వైన్ చెడిపోవడానికి బదులు ఇంకా రుచిగా మారిందని గమనించి, కొన్నాళ్ళపాటు కేవలం ఆ రుచి కోసమే పీపాలను సముద్రం మీద తిప్పి తెచ్చారట. తరువాత ఆ వేడిని ఒడ్డునే కల్పించడం నేర్చుకున్నారు. ఆమె పోసిన ఆ గుక్కలో నాకు కాచిన బెల్లం పాకం, వేయించిన జీడిపప్పు వాసనలు తగిలాయి.

రాత్రి బల్ల దగ్గర వైన్ కొనుక్కోవడంలో ఒక సౌకర్యం ఉంది. ఒక సీసా ఒక్క పూటలో పూర్తి చేయాలన్న నిర్బంధం లేదు. మిగిలినదానికి కేబిన్ నంబరు రాసిన చీటీ అంటించి దాచి, మర్నాడు అదే సీసా తెచ్చి పెడతారు. ఖరీదు కేబిన్ ఖాతాలో పడుతుంది, దాని మీద సేవారుసుము కూడా చేరుతుంది. కాబట్టి వెళ్ళేవారు రోజూ లెక్క చూసుకోవడం మంచిది. ఇంజినీరు గారూ నేనూ కలిసి ఒక సీసాను మూడు రాత్రులు నడిపించాం.

నాలుగో రాత్రి సముద్రం బాగా కదిలింది. పళ్ళాలు జారకుండా వెయిటర్లు బల్లగుడ్డలను నీళ్ళతో తడిపారు, గ్లాసులు సగమే నింపారు. మెట్ల దగ్గర కాగితపు సంచులు వెలిశాయి. మా బల్లకు నలుగురమే వచ్చాం. పుల్లటి ఆకుపచ్చ యాపిల్, అల్లం ముక్క తింటే మంచిదని మా వెయిటరు మా ఆవిడకు కేబిన్‌కు పంపించాడు. ఆ రాత్రి థియేటరులో నాట్యకారులు ఎత్తుగెంతులన్నీ మానేసి, పాదాలు నేలకు అంటించే ఆడారు. అయినా ఆట ఆపలేదు.

వినోదాల్లో చాలావాటిని త్వరగా దాటేస్తాను. థియేటరు ప్రదర్శనలు కంటికి ఇంపుగా ఉన్నాయి, మనసులో నిలవలేదు. గ్రంథాలయం మాత్రం ఓడ ముందుభాగంలో, సముద్రం కనిపించే కిటికీలతో ఉంది. సగం ఉదయాలు అక్కడే గడిపాను. ప్లానెటేరియం కూడా ఉంది, సముద్రం మీద మొదటిది ఇదే. ఓడ దీపాల వెలుగులో డెక్ మీద సరిగా కనిపించని సప్తర్షి మండలాన్ని ఆ గుమ్మటం కింద వెల్లకిలా కూర్చుని చూశాం. మధ్యాహ్నం 3.30కి క్వీన్స్ రూమ్‌లో తెల్ల చేతితొడుగులు వేసుకున్నవాళ్ళు టీ, దోసకాయ శాండ్‌విచ్‌లు, మీగడతో స్కోన్లు వడ్డించేవారు. అదే గదిలో రాత్రి నాట్యం. ఒంటరిగా వచ్చిన స్త్రీలతో కలిసి ఆడడానికి ఓడవారే మర్యాదస్తులైన పెద్దమనుషులను నియమిస్తారు. ప్రత్యేక దుస్తులతో రావలసిన రాత్రుళ్ళు రెండు. మొదటి దాంట్లో మా ఆవిడ ఉప్పాడ చీర కట్టుకుంది. కెనడా ఆవిడ ఎనభై దాటిన మోకాళ్ళతో వాల్ట్జ్ ఆడి వచ్చి, భర్త పోయిన తరువాత నాట్యం చేయడం ఇదే మొదలని మా ఆవిడ చేయి పట్టుకుని చెప్పింది. మా ఆవిడ ఆ చేతిని చాలాసేపు వదలలేదు.

ఏడో రాత్రి సీసాలో మిగిలిన వైన్‌ను ఆరు గ్లాసుల్లో తలా కొంచెం పోశారు. మా ఆవిడ తన గ్లాసును పెదవికి తాకించి కింద పెట్టింది. ఖాళీ సీసా మీది చీటీని జర్మన్ ఉపాధ్యాయుడు జాగ్రత్తగా ఊడదీసి నాకిచ్చాడు.

తెల్లవారకముందే డెక్ మీదకు వెళ్ళాం. న్యూయార్క్ రేవు ముంగిట ఉన్న వెరజానో వంతెన కిందుగా ఓడ పొగగొట్టం దాటినప్పుడు, తగులుతుందేమోనని అందరం ఊపిరి బిగబట్టాం. ఆపైన కుడివైపు బ్రూక్లిన్ దీపాలు, దూరంగా స్వేచ్ఛా ప్రతిమ. రేవులో మా అమ్మాయి ఎదురొచ్చి, అలవాటు కొద్దీ, "నాన్నా, నిద్ర వస్తోందా? ఇప్పుడు మీకు టైమెంత?" అని అడిగింది. నా చేతి గడియారం చూపించాను. తన గడియారంతో నిమిషం తేడా లేదు.